మడమ కోసిన తుపాకీ

లాటరీలో తన పేరు చదివే సమయానికి లిజెట్ నోట్లో పొగలు కక్కే బక్‌వీట్ అట్టు ముక్క ఉంది.

జూన్ నెల, శనివారం మధ్యాహ్నం. అత్తగారి వంటింట్లో ఫోన్‌ని చక్కెర డబ్బాకు ఆనించి నిలబెట్టారు. మూడొందల మైళ్ళ అవతల ఏదో సంతమైదానంలో, వేదిక మీద ఒకాయన గంటన్నరగా పేర్లు చదువుతూనే ఉన్నాడు. మెయిన్ రాష్ట్రంలో ఆ ఏడాది మూస్ దుప్పిని వేటాడే పర్మిట్ ఎవరెవరికి తగిలిందో చెప్పే పేర్లు. వింటున్నవాళ్ళు సగం నిద్రలో ఉన్నారు.

"టెరియో, లిజెట్. మగ మూస్. సెప్టెంబరు వారం."

లిజెట్ నమలకుండానే మింగేసింది. నాలుక కాలింది. జోయెల్ ఆమెను ఎత్తి గిరగిరా తిప్పాడు. ఆ తిప్పడంలో ఆమె కాలు తగిలి మేపుల్ పాకం గిన్నె బోర్లా పడింది, ఎవరూ పట్టించుకోలేదు. పెళ్ళయి తొమ్మిది వారాలే. పెళ్ళిలో ఫాదర్ తప్ప, ఆ కొత్త ఇంటిపేరును తన పేరుకు అంటించి ఇంత గట్టిగా చదివినవాళ్ళు ఇంతవరకూ లేరు. ఆమెకు ముందు ఆ సంబరం వచ్చింది, దుప్పి సంబరం దాని వెనకాల వచ్చింది.

"మనకి మూస్ వచ్చిందర్రా!" అని మామగారు గిల్‌మన్ బల్ల గుద్దాడు. ముప్పై ఏళ్ళుగా తన పేరు వేస్తున్నాడు, తనకు ఒక్కసారీ తగల్లేదు.

"కొత్త ఫ్రీజర్ కొనాలి," అంది అత్తగారు.

"కొమ్ములు కొట్టం తలుపు మీద పెడదాం," అన్నాడు బావగారు డరెల్. జోయెల్‌కి అన్న. తలుపు పట్టనంత మనిషి. "అమ్మా, రెండో పేరు నాదే రాశావుగా?"

"నీదేరా. ఏటా అందరికీ నీదేగా రాసేది."

వాళ్ళుండే నదీలోయలో అదొక ఆచారం. వసంతం రాగానే ఇంటి ఆడవాళ్ళు దరఖాస్తులు నింపుతారు. పదేళ్ళు నిండి ఊపిరి తీస్తున్న ప్రతివాళ్ళ పేరునా ఒకటి. ముసలమ్మలు, కోడళ్ళు, కాన్వెంటు పిల్లలు, అందరి పేర్లూ వెళతాయి. పర్మిట్ ఎవరి పేర వచ్చినా, రెండో పేరు గలవాడు కాల్చవచ్చు, మొదటి పేరు మనిషి పక్కన నిలబడితే చాలు. అలా ఆ నది పొడవునా ఎందరో ఆడవాళ్ళు తుపాకీ ముట్టకుండానే మూస్ కొట్టినట్టు లెక్క. కొమ్ము పట్టుకుని ఫొటోలో మాత్రం నవ్వుతారు.

లిజెట్ కాలిన నాలుకను పళ్ళకు ఆనించుకుంది. "బావగారూ, రెండో పేరు మీదే. కాదనను. మొదటి పేరు నాది. నేనే కాలుస్తాను."

ఫోన్‌లో ఆయన ఇంకో రెండు పేర్లు చదివాడు. తర్వాత డరెల్ నవ్వాడు, ఆ నవ్వుకు తలుపు అద్దం అదిరింది.

"మరదలా, నువ్వు నిలబడితే తుపాకీ నీకంటే పొడుగు! అది తన్నిందంటే నదికి అవతల, కెనడాలో పడతావ్. పాస్‌పోర్టు ఉందా?"

"ఉంది," అంది లిజెట్.

పొయ్యి పక్క కుర్చీలోంచి నానమ్మ ఫిలొమెన్ గొంతు సవరించుకుంది. "ఎనభై నాలుగులో నా పేరొచ్చింది. కాల్చింది మీ తాత. చలికి గడ్డకట్టిన కాళ్ళు మాత్రం నావే." అంతే అని మళ్ళీ అల్లికలో పడింది.

గిల్‌మన్ నవ్వలేదు. ఆయనకు నవ్వులాట పనికిరాని విషయం ఇదొక్కటే. ఆయన కుర్రతనంలో ఒక పినతండ్రి తొందరపడి కాల్చిన దుప్పి గాయంతో బురదనేలలోకి పోయింది, నాలుగు రోజులు వెతికినా దొరకలేదు. ఆ ఏడు నుంచి ఇంట్లో ఒక నియమం పెట్టారు. సీజనుకు ముందటి ఆదివారం, కంకర గుంటలో, వంద గజాల దూరాన కేకు కాల్చే రేకు పళ్ళెం ఒకటి మేకుకు కొడతారు. దుప్పి మీద కాల్చదలచినవాళ్ళు ఇంట్లో ఉన్న మాగ్నంతో, ఎక్కువ మందు తినే పెద్ద తుపాకీతో, మూడు తూటాలు అందులో పెట్టాలి. ఒక్కటి తప్పినా పక్కకు తప్పుకోవాలి.

"పళ్ళెం సంగతి తెలుసుగా అమ్మాయ్?"

"తెలుసు మామయ్యా. పళ్ళెం కొడతాను."

"మాగ్నంతో."

"పళ్ళెం కొడతాను," అని మళ్ళీ అదే అంది లిజెట్.

*

మర్నాడే డరెల్ మాగ్నం తీసుకొచ్చాడు. "ఆలస్యం ఎందుకు మరదలా, ఇవాళే తేలిపోనీ" అన్నాడు. గుంటలో బల్ల వేసి, లిజెట్‌ని కూర్చోబెట్టి, తుపాకీ చేతికిచ్చి, నాలుగడుగులు వెనక్కి వెళ్ళి ఫోన్ బయటకు తీశాడు. కొత్తవాళ్ళకు పెద్ద తుపాకీ ఇచ్చి వాళ్ళు వెల్లకిలా పడడం ఫొటో తీసుకోవడం కూడా అక్కడి ఆచారమే.

లిజెట్ ఐదడుగులకు అంగుళం తక్కువ. తుపాకీ మడమ, అంటే వెనక కర్ర, భుజానికి ఆనడం లేదు, చంక దగ్గర ఎక్కడో కుదురుకుంది. తుపాకీ మీది దుర్భిణిలోకి చూడాలంటే మెడ కొంగలా సాచాల్సి వచ్చింది. దానిలో మొదట ఏమీ కనబడలేదు. ఇంకొంచెం దగ్గరికి జరిగింది. కనబడింది. నొక్కింది.

ఆ తర్వాత ఆకాశం కనబడింది.

వీడియో పదకొండు సెకన్లు. సాయంత్రానికల్లా లోయ ఈ కొస నుంచి ఆ కొస దాకా తిరిగింది. అందులో పిడుగు లాంటి మోత, కుర్చీతో సహా వెనక్కి వాలుతున్న రెండు బూట్లు, చివర్లో డరెల్ గొంతు: "పాస్‌పోర్టు!" లిజెట్ కనుబొమ మీద దుర్భిణి అంచు అర్ధచంద్రంలా కోసింది. భుజం వంకాయ రంగుకు తిరిగింది. పళ్ళెం వైపు వెళ్ళిన తూటా ఎక్కడుందో ఇంతవరకూ ఎవరికీ తెలియదు.

ఆ రాత్రి జోయెల్ బఠాణీల సంచి మంచుపెట్టెలోంచి తీసి ఆమె భుజం మీద పెట్టాడు. "నాకు కోపం వస్తోంది. వాడి ఫోన్ నదిలో పారేస్తాను," అన్నాడు.

"పారేయకు. నాకు వచ్చేది కోపం కాదు. పట్టుదల. అది ఫోన్ పారేస్తే చల్లారిపోతుంది." బఠాణీలు కరుగుతున్నాయి, చల్లటి నీటిబొట్టు ఒకటి వీపు మీదికి జారింది. ఇద్దరూ ఉన్నట్టుండి నవ్వేశారు. కొత్తకాపురంలో ఏడుపు రావాల్సిన చోట కూడా నవ్వు దూరిపోతుంది.

*

లిజెట్ చేసేది పళ్ళు శుభ్రం చేసే పని. టౌన్లో దంతవైద్యుడి దగ్గర. సోమవారం పొద్దున్నే ఆలుగడ్డల లారీ నడిపే ఒకాయన కుర్చీలో కూర్చుని ఆమె కనుబొమ చూసి పకపక నవ్వాడు. "చూశానమ్మా, చూశాను! పిట్ట కొంచెం, మోత ఘనం!"

"నోరు తెరవండి," అంది లిజెట్.

కొక్కెం లాంటి పనిముట్టు చేతికి తీసుకుంది. ఇంకా పంటికి జానెడు దూరంలో ఉంది, అప్పుడే ఆయన కళ్ళు గట్టిగా మూతపడ్డాయి, భుజాలు చెవుల దాకా లేచాయి, కుర్చీ చేతులు పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. రెండొందల యాభై పౌన్ల మనిషి. ఇలాంటివాళ్ళను ఆమె రోజూ చూస్తుంది. చిన్నపిల్లలు ఆ వస్తువేమిటో తెలియక నోరు తెరుస్తారు, గడ్డాలూ మీసాలూ ఉన్నవాళ్ళే ముందు ఉలిక్కిపడతారు. వాళ్ళను బెదరగొట్టేది నొప్పి కాదు, రాబోతున్న నొప్పి. యంత్రం మోత వినగానే సగం మంది చెమటలు కక్కుతారు.

పనిముట్టు గాలిలోనే ఆగిపోయింది. "ఓహో!" అంది లిజెట్.

"ఏమైంది? పిప్పి పన్నా?" అన్నాడాయన కంగారుగా, నోరు తెరిచే.

"మీకేం కాలేదండీ. నాకే."

నిన్నటి నుంచీ భుజాన్ని ఎలా గట్టిపరచుకోవాలా అని ఆలోచిస్తోంది. గట్టిపరచాల్సిన పనే లేదు. కుర్చీలో కూర్చున్న మనిషిని ఓదార్చడానికి ఆమె ఏం చేస్తుందో తుపాకీ ముందు తనకూ అదే చేసుకోవాలి. చెవులకు మోత తగలకుండా చూడాలి, చిన్న పనిముట్టుతో మొదలుపెట్టాలి, కొంచెంసేపే పని చేయాలి, బాగున్న క్షణంలో ఆపేయాలి. భయం అన్నీ గుర్తుపెట్టుకుంటుంది. కనక మంచి జ్ఞాపకాలే దానికి తినిపించాలి.

ఈలోగా జోయెల్ తన పద్ధతిలో సాయం మొదలుపెట్టాడు. గురువారం సాయంత్రం ఒక పొడుగాటి పెట్టె పట్టుకుని, పుట్టినరోజు కేకు తెస్తున్నవాడిలా వచ్చాడు. పెట్టె మీద గులాబి రంగు టోపీ పెట్టుకున్న అమ్మాయి బొమ్మ. ఆడవాళ్ళ తుపాకీ అట. చీపురుపుల్లంత తేలిక.

"రోజంతా మోసినా చెయ్యి నొప్పి పుట్టదట! కొట్టువాడు చెప్పాడు."

ఒకటి కాల్చి చూశారు. మాగ్నం గుర్రంలా తన్నితే ఇది కంచరగాడిదలా తన్నింది. లిజెట్ తుపాకీని బల్ల మీద పెట్టి, భుజం రుద్దుకుంటూ కాలేజీలో చదివిన భౌతికశాస్త్రం గుర్తుచేసుకుంది.

"జోయెల్, ఖాళీ బస్తాని తన్నితే ఎంత దూరం పోతుంది?"

"కంచె దాకా."

"నిండు ఆలుగడ్డల బస్తాని తన్నితే?"

జోయెల్ కాసేపు ఆలోచించాడు. అతని మొహం మెల్లగా పడిపోయింది. "కదలదు. నా బొటనవేలు విరుగుతుంది."

"అంతే. తూటా తన్నేది ఎప్పుడూ ఒకేలా. బరువైన తుపాకీ మెల్లగా కదులుతుంది, తేలికది ఎగిరొచ్చి నా మీద పడుతుంది. ఆడదానికి తేలికది ఇవ్వాలని ఎవడు కనిపెట్టాడో గానీ, వాడి పెళ్ళాం వాణ్ణి ఏం చేసిందో!"

ఆడవాళ్ళ తుపాకీ మర్నాడు కొట్టుకు తిరిగివెళ్ళింది. దాని బదులు జోయెల్ మంచం కిందినుంచి తన సొంతది బయటకు తీశాడు. త్రీ నాట్ ఎయిట్. పన్నెండో పుట్టినరోజుకు తండ్రి ఇచ్చింది, వాల్‌నట్ కర్రతో చేసిన మడమ, మంచి బరువు. మాగ్నం అంత మందు తినదు, అయినా మూస్‌కి చాలు. ఒకటే తంటా. దీని మడమ కూడా ఆమెకు పొడుగే.

జోయెల్ ఆమె మోచేతి మడత నుంచి చూపుడువేలి దాకా దర్జీలా టేపు పట్టి కొలిచాడు. రెండుసార్లు కొలిచాడు. మూడోసారి కొలవడానికి కారణం కొలత కాదని లిజెట్‌కి తెలుసు. తర్వాత మడమ మీద పెన్సిలుతో గీత గీశాడు. చివర నుంచి ఒకటిన్నర అంగుళం.

"కోసేస్తావా? మామయ్య ఇచ్చింది కదా."

"ఆయన నాకిచ్చాడు. నేను నీకిస్తున్నా." గీత చుట్టూ కర్ర చీలకుండా అంటుకునే పట్టీ చుట్టి రంపం అందుకున్నాడు. పాత వాల్‌నట్ పొట్టు వాసన కొట్టమంతా కమ్ముకుంది. కోసిన చోట మెత్తటి రబ్బరు దిండు బిగించాడు. లిజెట్ భుజానికి ఎత్తుకుంటే తుపాకీ తనంతట తానే వచ్చి కుదురుకుంది. మెడ సాచక్కర్లేకుండానే దుర్భిణిలో గుండ్రంగా వెలుగు నిండింది. లిజెట్ అలా నిలబడి, గోడకు వేలాడుతున్న పార మీద, పాత టైరు మీద, చివరకు జోయెల్ తెచ్చిన కాఫీ గ్లాసు మీద గురి చూసి మురిసిపోయింది. తూటా లేకపోయినా జోయెల్ గ్లాసు పట్టుకుని పక్కకు తప్పుకున్నాడు. "ఇటు తిప్పకు తల్లీ! నా కాపురం కొత్తది."

"ఖాళీదే అయినా మనిషి వైపు తిప్పకూడదు. తప్పు నాదే," అంది లిజెట్ వెంటనే దించేసి.

జూలై, ఆగస్టు అలాగే గడిచాయి. రోజూ సాయంత్రం పని నుంచి వచ్చి, ఆలుచేను గట్టు మీద, తన్నడమే తెలియని చిన్న పాయింట్ టూ టూ తుపాకీతో టిన్ను డబ్బాలు కొట్టేది. యాభై తూటాలు. శనివారం మాత్రం మడమ కోసిన తుపాకీ, అదీ మూడంటే మూడే, మందు తక్కువ పోసినవి. చెవుల్లో దూది లాంటి బిరడాలు, పైన మళ్ళీ పెద్ద డిప్పలు. మోత ఎక్కడో పక్క ఊళ్ళో తలుపు వేసినట్టు వినిపించేది. బల్ల దగ్గర కూర్చోవడం మానేసింది. కూర్చుంటే తన్ను మొత్తం భుజం తినాలి, నిలబడి రెండు కర్రల మీద ఆనించి కాలిస్తే ఒళ్ళంతా ఉయ్యాలలా వెనక్కి ఊగి ఊరుకుంటుంది. డిప్పలు పెట్టుకున్నాక జోయెల్ వెనక నిలబడి ఏదో అనేవాడు. "ఏమన్నావ్?" అని అరిచేది. "ఏమీ లేదు!" అని అరిచేవాడు. మాట వినబడకపోయినా అతని ఊపిరి మెడకు తగిలి మాట అందేది, ఆ తూటా కాస్త ఎడమకు పోయేది.

కష్టమైంది ఒక్కటే. జోయెల్ మందు లేని ఉత్తి తూటాలు కొన్ని చేశాడు, పక్కన చిన్న కన్నం పొడిచి. అసలువాటిలో కలిపి, ఆమెకు తెలియకుండా, ఒక్కొక్కటే తుపాకీలో పెట్టి ఇచ్చేవాడు. మొదటిరోజు టిక్కుమంది. మోత లేదు, తన్ను లేదు, అయినా గొట్టం బెత్తెడు కిందికి వాలింది, కళ్ళు మూతపడ్డాయి, భుజం ముందుకు తోసుకొచ్చింది. తుపాకీ పేలలేదు, లిజెట్ పేలింది. లారీ నడిపే ఆయన తన ఒంట్లోనే కూర్చుని ఉన్నాడని ఆమెకు అర్థమైంది. సిగ్గుపడలేదు. ఆయనతో మాట్లాడినట్టే తనతో మాట్లాడుకుంది: నోరు తెరవండి, ఊపిరి వదలండి, ఏమీ కాదు. ఆగస్టు ఆఖరుకు గొట్టం చివర జోయెల్ ఒక నాణెం నిలబెడితే, టిక్కుమన్నాక కూడా అది పడలేదు. చివరి రెండు వారాలు నిండు మందు తూటాలకు మారింది. తన్నింది. తన్నినట్టు తర్వాత తెలిసేది.

*

సీజను సోమవారం మొదలు. ఆదివారాలు మెయిన్‌లో వేట నిషేధం, పళ్ళెం కొట్టడానికి మాత్రం నిషేధం లేదు. ఆలుగడ్డల తవ్వకం జోరుగా సాగుతున్న రోజులు. చర్చి నుంచి తిన్నగా గుంటకు వచ్చినా అందరి గోళ్ళ కింద మట్టే. అత్తగారు బీన్స్ కుండ తెచ్చింది. నానమ్మను కుర్చీతో సహా ట్రక్కులోంచి దించి ఎండలో కూర్చోబెట్టారు. గిల్‌మన్ వంద గజాలు నడిచివెళ్ళి పళ్ళెం మేకుకు కొట్టి, తిరిగొచ్చి, మాగ్నం లిజెట్‌కి అందించబోయాడు.

లిజెట్ దాన్ని అందుకోలేదు. ట్రక్కు దగ్గరికి వెళ్ళి తనది తెచ్చుకుంది.

గిల్‌మన్ కళ్ళు ముందు తుపాకీని, తర్వాత మడమను, తర్వాత రబ్బరు దిండు కలిసేచోటును చూశాయి. మెడ మీద నరం ఒకటి లేచింది.

"ఎవడు కోశాడు దీన్ని?"

"నేనే నాన్నా," అన్నాడు జోయెల్.

"నీ పన్నెండో పుట్టినరోజుకి ఇచ్చాను. నీ కొడుక్కి ఇస్తావనుకున్నాను."

"నా పెళ్ళానికి ఇచ్చాను."

"మాగ్నం అన్నాను," గిల్‌మన్ లిజెట్ వైపు తిరిగాడు. "ఈ ఇంట్లో అందరూ దానితోనే కొట్టారు."

"ఈ ఇంట్లో అందరూ ఆరడుగులవాళ్ళు మామయ్యా. రేపు తవ్వకంలో నన్ను మీ బూట్లు వేసుకుని ఆలుగడ్డలు ఏరమంటారా? నాలుగడుగులు వేసి బోర్లా పడతాను, అప్పుడు అందరూ 'దీనికి ఏరడం రాదు' అంటారు. ఎవరి కాలికి వాళ్ళ బూటు."

"చిన్నపిల్లల తుపాకీతో మూస్ వేట!" డరెల్ చేతులు కట్టుకున్నాడు. "తన్నంటే భయమని ఒప్పేసుకో మరదలా, పోయేదేముంది?"

"భయమే. ఒప్పుకుంటున్నా. మీకు లేదా?"

"నాకా!" డరెల్ అందరివైపూ తిరిగి నవ్వాడు. "ఇరవై రెండేళ్ళుగా కాలుస్తున్నా."

"అయితే రెండో పేరు మీది కాబట్టి ముందు మీరే కొట్టండి, మీ మాగ్నంతోనే. తూటాలు నేను పెట్టి ఇస్తాను. ఒకటో రెండో ఉత్తివి ఉండొచ్చు. ఎప్పుడొస్తుందో చెప్పను."

డరెల్ భుజాలు ఎగరేసి బల్ల దగ్గర కూర్చున్నాడు. పెట్టేటప్పుడు చూడకుండా ఆకాశం వైపు మొహం తిప్పాడు. మొదటిది పేలింది, పళ్ళెం మోగింది. రెండోది పేలింది, పళ్ళెం పక్కన కంకర లేచింది. మూడోది టిక్కుమంది.

ఆ టిక్కు వినబడేలోపే గొట్టం బల్లను కొట్టుకుంది. డరెల్ మొహమంతా ముడుచుకుపోయింది, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు, అంత పెద్ద భుజం తలుపు తోసేవాడిలా ముందుకు పడింది.

"ఒరే డరెల్," అంది నానమ్మ. "పేలకముందే దణ్ణం పెట్టేశావేంట్రా?"

అత్తగారు కొంగ దగ్గినట్టు దగ్గింది. జోయెల్ అప్పటికే ఫోన్ బయటకు తీశాడు, "ఇంకోటి పెట్టు, ఇంకోటి పెట్టు" అంటూ. లిజెట్ అతని చెయ్యి పట్టి కిందికి దించింది.

"వద్దు. పదకొండు సెకన్లు ఎంత పొడుగో నాకు తెలుసు."

డరెల్ చెవులు బీట్‌రూట్‌లా ఉన్నాయి. లేచి వచ్చాడు. "సరే. నీకు నేను పెడతా. న్యాయమంటే న్యాయం."

"మీరే పెట్టండి."

గిల్‌మన్ వెళ్ళి చిల్లిపడ్డ పళ్ళెం తీసి కొత్తది కొట్టివచ్చేలోపు ఆమె నిలబడే చోట రెండు కర్రలు పాతుకుంది. డిప్పలు పెట్టుకోబోయి ఆగి, మామగారివైపు చూసింది.

"మామయ్యా, ఒక్క మాట. పర్మిట్ నాది. దాని మీద మీ పళ్ళెం గురించి ఎక్కడా రాయలేదు. మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా రేపు తుపాకీ పట్టే హక్కు నాకుంది. ఈ పళ్ళెం మీ అనుమతి కోసం కొట్టడం లేదు. మీ పినతండ్రి దుప్పి నాలుగు రోజులు బురదలో పడిన బాధ ఉంది చూశారూ, దాని కోసం కొడుతున్నా. ఒక్కటి తప్పినా మీరు చెప్పనక్కర్లేదు, నేనే తుపాకీ దించేస్తాను."

డిప్పలు పెట్టుకుంది. లోకం దూరమైంది. డరెల్ వీపు తిప్పి తూటా పెట్టి, తుపాకీని గురివైపే ఉంచి అందించాడు.

ఊపిరి వదిలింది. పక్క ఊళ్ళో తలుపు పడింది, పళ్ళెం ఊగింది. డరెల్ ఇంకోటి పెట్టాడు. ఈసారి తూటా అంచుకు బొటనవేలంత లోపల తగిలింది. దుర్భిణిలోంచి ఆ చిల్లి చూసి ఆమె గుండె ఒక మెట్టు దిగింది. నోరు తెరవండి, అనుకుంది. నిజంగానే కాస్త తెరిచింది. మూడోది అందుకుంది. టిక్.

గొట్టం కంచె గుంజలా ఉన్నచోటే ఉంది. రెప్ప కూడా పడలేదు. డిప్పల్లోంచి కూడా నానమ్మ చప్పట్లు వినిపించాయి.

డరెల్ నాలుగోది పెట్టాడు. అది పళ్ళెం నడిబొడ్డున, మేకు పక్కనే దూరింది. పళ్ళెం ఊడి కింద పడింది.

గిల్‌మన్ వంద గజాలు నడిచివెళ్ళి పళ్ళెం తెచ్చాడు. మూడు చిల్లుల్లో చిటికెనవేలు పెట్టి చూశాడు, ఒక్కోదాంట్లోంచీ ఎండ వైపు చూశాడు. తర్వాత తుపాకీ అడిగి తీసుకుని కోసిన చోట బొటనవేలితో రాశాడు.

"ఒరే జోయెల్. ఇక్కడ గరుకు కాగితం సరిగా పట్టలేదు. ఇంత మంచి కర్ర. నూనె అయినా పూశావా?"

"పూశాను నాన్నా."

"ఇంకో పూత పడాలి," అని తుపాకీని లిజెట్ చేతికి తిరిగిచ్చాడు. గొంతు సవరించుకుని, ముప్పై ఏళ్ళుగా ప్రతి సీజను ముందూ చెప్పినట్టే మొదలుపెట్టాడు. "సరే, రేపు ఇలా చేద్దాం. అమ్మాయి ముందు నిలబడుతుంది. డరెల్ పక్కనే తుపాకీతో ఉంటాడు. ఒకవేళ అమ్మాయి తప్పిందనుకో—"

"తప్పితే నేనే మళ్ళీ కాలుస్తాను," అంది లిజెట్. "రేపటి సంగతి నేను చెబుతాను, వినండి."

గిల్‌మన్ నోరు తెరిచాడు. దంతవైద్యశాలలో తెరిచినట్టే తెరిచి, అలాగే ఉండిపోయాడు.

"నాలుగింటికి లేస్తాం. ట్రక్కు మీరు నడుపుతారు మామయ్యా, ఆ అడవి దారులు మీకు తెలిసినంత ఎవరికీ తెలియవు. ముందు సీట్లో నానమ్మ, రెండు కంబళ్ళు కప్పుకుని. ఈసారి కాళ్ళు గడ్డకట్టనివ్వను. బావగారూ, బురదనేల దగ్గర మగమూస్ వచ్చేలా ఆడమూస్ గొంతుతో పిలవాల్సింది మీరే, మీ అంత బాగా పిలిచేవాళ్ళు లోయలో లేరు. మీకు ఒకటి తప్పింది కదా, మాగ్నం ఇంట్లో ఉంటుంది. జోయెల్ నా వెనక నిలబడతాడు, ఏమీ మాట్లాడకుండా. అత్తయ్యా, మీరూ రండి. ఆలుగడ్డలు మధ్యాహ్నం దాకా నేలలోనే ఉంటాయి, లేచి ఎక్కడికీ పోవు. అందరూ వేటగాళ్ళకు దూరం నుంచే కనబడే నారింజ టోపీలు మర్చిపోకండి. తెల్లవారేసరికి నీళ్ళ అంచున ఉండాలి. నేను ముందు నడుస్తాను."